లెక్కలో లేని గంట

వీరదుర్గ తెల్లారకుండానే మొదటి బస్సెక్కి, నరసాపురంలో ఇంకో బస్సు మారి, పదకొండు దాటాక రాజమండ్రిలో దిగింది. చంకలో ఒక సంచి, ఆ సంచిలో వేళ్లతో సహా పీకిన వరి దుబ్బులు రెండు. దానవాయిపేటలో కంప్యూటరు సెంటరు ఎక్కడని నలుగురిని అడిగి పట్టుకుంది. మెట్లెక్కి, చెప్పులు బయట విడిచి, సూర్యకళ అంటే ఎవరండి అని అడిగింది. చూపించారు. తిన్నగా వెళ్లి ఆ రెండు దుబ్బులూ ఆమె కీబోర్డు పక్కన పెట్టింది. ఎండిన మట్టి బల్లంతా రాలింది.

“మీరు మా నీళ్లాపేశారండి. చేను ఈనిక మీదుంది, కంకి తీసే వేళ. ఇంకో వారం ఇలాగే ఉంటే కోసి గొడ్లకెయ్యడమేనండి.”

అరవలేదు, ఏడవలేదు. కరెంటాఫీసులో బిల్లు తప్పొచ్చిందని చెప్పుకునే మనిషిలా చెప్పి నిలబడింది. సూర్యకళకి ముందు నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్ల బతుకులో తను ఎవరి నీళ్లూ ఆపలేదు, అసలు పొలం గట్టు మీద సరిగ్గా నడిచి ఎరగదు. పొరపాటున వచ్చారేమోనండి అంది. వీరదుర్గ సంచిలోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి విప్పింది. సొసైటీ గోడ మీంచి చింపుకొచ్చిన కాలువ వంతుల పట్టిక అది. అడుగున చిన్న అక్షరాలతో ఈ సెంటరు పేరూ, సూర్యకళ పేరూ ఉన్నాయి. ఆ పేరు అక్కడ పడాలని ముచ్చటపడి వేయించుకున్నది సూర్యకళే.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. లేకపోతే రాజమండ్రిలో మేడ మీద ఫ్యాను కింద కూర్చున్న మనిషికీ, మొగల్తూరు దాటాక సముద్రం వాసన తగిలే చోట ఎండిపోతున్న చేనుకీ సంబంధమేంటో ఎవరికీ అర్థం కాదు.

ఆ ఏడు గోదావరిలో నీళ్లు తక్కువ. దాళ్వాకి, అంటే కాలువ నీళ్ల మీద పండే రెండో పంటకి, ఏటా ఉండే వంతులే ఈసారి ఇంకా బిగించారు. ఒక తూము తలుపు ఎత్తితే దానికి ఇన్ని గంటలు, అది దించాక ఇంకో తూముకి అన్ని గంటలు. చింతలంక కాలువ మీద తూములు పద్నాలుగు, వాటి కింద పోట్లాటలు నూటపద్నాలుగు. నాకు గంట తగ్గిందని ఒకడు, వాడికి రెండు గంటలు ఎక్కువిచ్చారని ఇంకొకడు. నీటి సంఘం అధ్యక్షుడు గణేష్‌బాబు మొదటి తూము కింద ఇరవై ఎకరాల ఆసామి, మంచివాడే గాని మాట పడే రకం కాదు. రోజూ ఇంటి అరుగు మీద ఈ పంచాయితీలు తీర్చలేక విసిగిపోయి, కంప్యూటరు చెప్తే నోరుమూసుకుని వింటారు కదా అనుకున్నాడు. ఎవరో సూర్యకళ పేరు చెప్పారు.

సూర్యకళకి వృత్తి మీద పిచ్చి గౌరవం. తనూ, చదువుకునే రోజుల నాటి స్నేహితుడు అశోకూ కలిసి ఆ సెంటరు నడుపుతున్నారు. పగలు ప్రోగ్రాములు రాయడం, సాయంత్రం పిల్లలకి పాఠాలు చెప్పడం. క్లాసుకి వచ్చినవాళ్లకి మొదటిరోజే బోర్డు మీద రాసేది: ఒక గది, ఒక పని, ఒక తలుపు. ఎంత పెద్ద ప్రోగ్రామైనా చిన్నచిన్న గదులుగా కట్టాలి. ఏ గది పని ఆ గదిదే. పక్క గదిలో ఏం జరుగుతోందో నీకు అనవసరం, తలుపులోంచి ఏం ఇస్తున్నారో, ఏం పుచ్చుకుంటున్నారో అదే చాలు. అప్పుడు ఒక గదిలో తప్పొస్తే ఆ గదిలోనే దిద్దుకోవచ్చు, ఇల్లంతా పీకక్కర్లేదు. ఆ గదినే మాడ్యూల్ అంటారు. పెద్ద ప్రోగ్రాములు రాసి చచ్చేవాళ్లంతా ఈ ఒక్క మాట వినకే చచ్చారని ఆమె గట్టి నమ్మకం.

కాలువ పని చూడగానే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. పద్నాలుగు తూములంటే పద్నాలుగు గదులు! ఇంతకంటే చక్కగా కట్టి ఇచ్చినట్టున్న లెక్క ఉంటుందా? ఒక్కో గదిలో ఆ తూము కింద ఆయకట్టు ఎంత, నేల ఇసకా నల్లరేగడా, నాట్లు ఎప్పుడు పడ్డాయి అన్నీ పెట్టింది. ఆ గది తలుపులోంచి బయటికి ఒకే ఒక్క అంకె చెప్తుంది: నాకిన్ని గంటలు కావాలి అని. ఆ అంకెలన్నీ పుచ్చుకుని వంతుల పట్టిక వేసేది ఇంకో గది. నిమిషంలో పట్టిక ప్రింటరు మీద కిరకిరా దిగేది.

పని చేసింది కూడాను. సంఘం పట్టికని అచ్చంగా పాటించింది. ప్రతి తూము దగ్గరా ఒక రైతు వాచీ పెట్టుకుని కూర్చునేవాడు. ఎనిమిది రోజులకి తిరిగొచ్చే వంతు ఏడున్నర రోజులకే రావడం మొదలైంది. మునుపు నీళ్లు వృథా అయ్యేవన్నమాట అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. గణేష్‌బాబు ఫోను చేసి మీ చేతిలో ఏదో ఉందమ్మా అన్నాడు. సూర్యకళ ఆ మాట అశోక్‌తో నాలుగుసార్లు చెప్పింది.

ఇదీ జరిగిన సంగతి. ఇక వీరదుర్గ.

వీరదుర్గది కొసపాలెం. కాలువ కొసన, ఆఖరి తూముకి కూడా అవతల ఉన్న ఊరు. ఆమె, ఆమె భర్త రాజేంద్ర మూడెకరాలు కౌలుకి చేస్తున్నారు. సూర్యకళ ఆమెని కూర్చోబెట్టి, మీది ఏ తూము అని అడిగింది. ఏ తూమూ కాదండి అంది. మరి నీళ్లెక్కణ్ణించి అంది. మురుగు కాలువలోంచి అంది. పై చేలల్లో ఎక్కువైన నీళ్లు గట్లు దాటి మురుగులోకి దిగుతాయి, దానికి అడ్డుకట్ట వేసుకుని ఆయిలింజను పెట్టి తోడుకుంటారు. తాతల నాటి నుంచీ ఊరంతా అలాగే, నూట నలభై ఎకరాలు. ఈ ఏడాది నెలరోజుల్నుంచీ మురుగులో చుక్క దిగడం లేదు.

సూర్యకళ వెళ్లి లెక్క తీసింది. పద్నాలుగు గదులూ వెతికింది. ఎక్కడా తప్పు లేదు. ఏ గదికా గది పొల్లుపోకుండా సరిగ్గా ఉంది. కొసపాలెం అన్న మాట మాత్రం ఏ గదిలోనూ లేదు.

మర్నాడు తనూ వస్తానంది.

మంగళవారం మధ్యాహ్నానికి కొసపాలెంలో మురుగు గట్టు మీద నిలబడింది. అడుగున పాచి, నాలుగు చోట్ల మడుగులు. చేలు పొట్ట విడిచాయి, కంకులు తొంగి చూస్తున్నాయి, నేల నెర్రెలు తీసింది. ఇలా మురుగు పారకుండా ఉంటే ఇంకో ముప్పు ఉందని రాజేంద్ర చెప్పాడు. పైనుంచి నీళ్లు తోసుకొస్తున్నంత కాలం సముద్రప్పోటు ఎగదన్నదు. పైనుంచి ఆ తోపు తగ్గితే పోటు వేళ ఉప్పునీరు లోపలికొస్తుంది. జనం నలుగురైదుగురు చేరారు. ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. అదే ఆమెకి ఎక్కువ బాధయింది. నేను వెళ్లి చూస్తానండి, రెండు రోజుల్లో మీకు నీళ్లొస్తాయి అని చెప్పేసింది. ఎలా వస్తాయో అప్పటికి ఆమెకే తెలియదు. సిగ్గుతో నోరు జారి వచ్చిన మాట అది.

అక్కణ్ణించి లస్కరు దగ్గరికి వెళ్లింది. లస్కరంటే కాలువ తలుపులు ఎత్తి దించే మనిషి. చింతలంక కాలువ పద్నాలుగు తలుపులూ పెదబాబువే. అరవైకి దగ్గరపడ్డ మనిషి, సైకిలు మీద కాలువగట్టంతా తిరుగుతాడు. ఇరవై ఏళ్లుగా ఊళ్లన్నీ కలిసి ఆయన్ని బద్ధకస్తుడని తిట్టుకుంటున్నాయి. పదింటికి దించాల్సిన తలుపు పదకొండుకి దించుతాడని, గట్టు మీద తుండుగుడ్డ పరుచుకుని పడుకుంటాడని. ఇప్పుడు కంప్యూటరు పట్టిక వచ్చాక ముసలాయన దారికొచ్చాడని నవ్వుకుంటున్నారు కూడా.

సూర్యకళ మురుగు సంగతి ఎత్తగానే పెదబాబు అటూ ఇటూ చూశాడు. సైకిలు స్టాండు వేశాడు. తర్వాత చిన్న గొంతుతో చెప్పాడు. కొసపాలెం మురుగులోకి దిగేది ఐదు తూముల కింద నీళ్లే. వాటికి పట్టికలో రాసినదాని కంటే గంట ఎక్కువిస్తే, ఆ గంట నీళ్లు చేలు నిండి పొర్లి మురుగులో పడి ఒకటిన్నర రోజుకి కొసకి చేరతాయి. ఆయనకి ముందున్న లస్కరు అలాగే చేసేవాడు. ఆయనా అలాగే చేశాడు.

మరి పద్నాలుగు తూములకీ ఆలస్యం చేసేవారని అంటున్నారే అని సూర్యకళ అడిగింది.

“ఐదింటికే ఆలస్యమైతే ఎందుకని అడుగుతారమ్మాయిగారూ. అన్నిటికీ అయితే బద్ధకం అనుకుని ఊరుకుంటారు.”

ఇరవై ఏళ్లు! ఒక ఊరి పంట నిలబెట్టడానికి ఒక మనిషి ఇరవై ఏళ్లు సోమరిపోతు పేరు మోశాడు. తను వచ్చి ఆ గంటని వృథా అని లెక్కగట్టి తీసేసింది, పైగా మెచ్చుకోళ్లు పుచ్చుకుంది. మరి నేను వివరాలు రాసుకోవడానికి వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదండి అని అడిగింది, కొంచెం కోపంగానే. చెప్తే రాసుకుంటారు కదమ్మా అన్నాడు. రాస్తే పై చేలవాళ్లు చూస్తారు. ఆ నీళ్ల మీద కొసపాలేనికి హక్కు కాగితం లేదు. చూశాక ఆపమంటారు, ఆపకపోతే ఆ మురుగుకి వాళ్లే అడ్డుకట్ట వేసుకుని తోడుకుంటారు. ఇంటిగుట్టు లంకకి చేటు అన్నారు, నోరు మూసుకుని చేస్తేనే ఈ నీళ్లు నిలుస్తాయి. ఇప్పుడు తూము తూముకీ వాచీ పెట్టుకుని కూర్చున్నారు, నేనేం చెయ్యను అన్నాడు.

బుధ, గురువారాలు సూర్యకళ నరసాపురంలో తెలిసినవాళ్లింట్లో ఉండి, పెదబాబు వెంట కాలువంతా తిరిగింది. ఆయన ఏదీ నోటితో చెప్పలేదు. గట్టు దిగి, ఏ చేను ఏ వైపు వాలిందో చేత్తో చూపించేవాడు. ఆమె గీసుకునేది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. దేవుడి సంగతేమో గాని ఆ పల్లాలన్నీ పెదబాబు ఎరుగు. ఒక్క షరతు పెట్టాడాయన. తన పేరు గాని, మురుగన్న మాట గాని కాగితం మీద పడకూడదు.

గురువారం రాత్రి బస్సులో రాజమండ్రి వచ్చి, శుక్రవారం పొద్దున్నే అశోక్ ముందు కూర్చుంది. అశోక్ మంచి బుర్రున్నవాడు, ఓపిక తక్కువ. అంతా విని, ఇందులో ఏముందే, ఆ ఐదు గదుల్లో గంట గంట కలిపెయ్యి, సాయంత్రానికి పట్టిక పంపేద్దాం అన్నాడు. సూర్యకళ ఒప్పుకోలేదు. రేపు నేనుండను, ఇంకొకరెవరో వచ్చి ఈ ప్రోగ్రాము చూస్తారు, లెక్కకి అందని గంట కనిపిస్తుంది, తప్పనుకుని తీసేస్తారు, నేను చేసింది అదే కదా అంది. అయితే ఇంకేముంది, గోడలన్నీ కొట్టేసి అంతా ఒకే గది చెయ్యి, ప్రతి చేనుకీ ప్రతి చేనుతో సంబంధం పెట్టు అన్నాడు. అలా చేస్తే ఎక్కడ తప్పొచ్చిందో బ్రహ్మక్కూడా తెలియదు, ఒక రైతు నాట్లు రెండు రోజులు ఆలస్యమైతే మొత్తం కాలువ లెక్కంతా మళ్లీ చూసుకోవాలి అంది.

అశోక్‌కి విసుగొచ్చింది. “నీ గదుల సిద్ధాంతం పిల్లల లెక్కలకి సరిపోతుందే. కాలువలాంటి దానికి అది చాలదని ఒప్పుకో.”

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. నిజమేమో అని భయం కూడా వేసింది. క్లాసులో ఇన్నేళ్లు చెప్పిందంతా చిన్న లెక్కలకి తప్ప పనికిరానిదైతే, ఇక ఆ బోర్డు ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి? లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది. తర్వాత గురువారం దాకా గీసుకున్న కాగితాలన్నీ నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని చూసింది. గంట సేపు చూసింది. అశోక్ టీ తెప్పించాడు, అది చల్లారిపోయింది.

గదులు తప్పు కాదు. గోడలు తప్పు చోట ఉన్నాయి. సంఘం రిజిస్టర్లో తూములవారీగా రాసుంది కదా అని తను తూముకొక గది కట్టింది. రిజిస్టరు రాసింది మనుషులు, పన్ను లెక్కల కోసం. నీళ్లు ఆ రిజిస్టరు చదవలేదు. అవి తూములోంచి చేలోకి, చేలోంచి మురుగులోకి, మురుగులోంచి కింది చేలోకి పోతాయి, ఆ పల్లం అంతా ఒకటే గది. అలా చూస్తే చింతలంక కాలువ కింద ఉన్నవి పద్నాలుగు గదులు కాదు, నాలుగు. నాలుగు పల్లాలు. ఒక పల్లం నీళ్లు ఇంకో పల్లంలోకి పోవు. ఆ నాలుగింటి మధ్యా గోడ ఉంది, దాన్ని నేలే కట్టింది.

సాయంత్రం దాకా రాసింది. పల్లానికొక గది. గది లోపల తూములు, చేలు, మురుగు, ఆయిలింజన్లు అన్నీ కలిసి చివరి మడి దాకా లెక్క. బయటికి మళ్లీ ఒకే అంకె: ఈ పల్లానికి ఇన్ని గంటలు. నాలుగో పల్లానికి మునుపటి కంటే ఐదు గంటలు పెరిగింది. మిగతా మూడు పల్లాలకి ఒక్క నిమిషం పెరగలేదు, వాటి కింద తోడుకునేవాళ్లెవరూ లేరు. పెదబాబుకి ఫోను చేయించి ఆ సంగతి చెప్తే, అయితే ఇన్నేళ్లూ తొమ్మిది గంటలు తిన్నగా సముద్రంలోకే పోసేనన్నమాట అన్నాడట.

శనివారం పొద్దున సంఘం మీటింగు. గణేష్‌బాబు అరుగు మీద పాతికమంది. పద్నాలుగు గళ్ల పట్టిక బదులు నాలుగు గళ్ల పట్టిక చూసి గుసగుసలు మొదలయ్యాయి. మా తూము పేరేదీ అన్నాడొకాయన. ఒక పల్లం కింద నాలుగైదు తూములవాళ్లు కలిసి కూర్చుని లోపల సర్దుకోవాలా, ఇదేం గొడవండి అన్నాడింకొకాయన. సూర్యకళ లేచి, నీళ్లని తూముల్ని బట్టి కాకుండా వాలుని బట్టి లెక్కేశానండి, లోపలి తూముల వేళలు చీటీ మీద లస్కరుగారికిస్తాను, ప్రతి పల్లం నుంచి ఒకరు ఆయనతో కూర్చుని చూసుకోండి అంది. వంతు ఏడున్నర రోజుల నుంచి ఐదు గంటలు పెరుగుతుందని కూడా దాచకుండా చెప్పింది. పెరగడమెందుకని అడిగారు. నాలుగో పల్లం దిగువ మడులకి నీళ్లు చాలడం లేదు, నేను మొదట కట్టిన లెక్కలో అది తప్పిపోయింది, తప్పు నాది అంది.

గణేష్‌బాబు పట్టిక చేతిలోకి తీసుకుని నాలుగో గడి మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. నలభై ఏళ్లుగా ఆ కాలువ మీద వ్యవసాయం చేస్తున్న మనిషి. ఆ ఐదు గంటలు ఎక్కడికి పోతాయో, పెదబాబు బద్ధకం ఏమిటో ఆయనకి ఎప్పట్నుంచో తెలుసని సూర్యకళకి ఆ క్షణాన అర్థమైంది. తెలిసీ తెలియనట్టుండటం ఆయన ధర్మం. తెలుసని ఒప్పుకున్న రోజున అధ్యక్షుడి హోదాలో ఆపక తప్పదు.

గొంతు తగ్గించి అడిగాడు: “ఈ కాగితం మీద కొసపాలెం పేరు ఎక్కడన్నా ఉందామ్మా?”

“లేదండి.”

“రేపు పైవాళ్లు అడిగితే?”

“నాలుగో పల్లం దిగువ మడులనే చెప్తానండి. అది అబద్ధం కాదు.”

జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు. ఇంకెవరూ ఏమీ అడగలేదు.

సూర్యకళ తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని తనలో తను నవ్వుకుంది. గది లోపలి సంగతి బయటికి కనపడకూడదని పిల్లలకి పాఠం చెప్పేది. పెదబాబు ఏ క్లాసుకీ రాకుండా ఇరవై ఏళ్లు అదే చేశాడు. అశోక్‌తో అదే చెప్పింది, గర్వంగానే చెప్పింది. అశోక్ ఒప్పుకున్నాడు. ఆదివారం నుంచి కొత్త వంతు. మంగళవారానికి కొసపాలెం మురుగులో నీళ్లు పారుతున్నాయని పెదబాబు కబురు పంపాడు. ఆ రాత్రి సూర్యకళ హాయిగా నిద్రపోయింది.

రెండు వారాలు పోయాక, సంఘం పని మీద నరసాపురం వైపు వెళ్లినప్పుడు, చూసొద్దామని కొసపాలెం వెళ్లింది. మెచ్చుకుంటారనే వెళ్లింది, ఆ సంగతి దాచడమెందుకు. వీరదుర్గ చేలో ఉంది. రెండెకరాలు కంకులు బరువెక్కి వాలుతున్నాయి. మురుగు పక్కనున్న మూడో ఎకరం కోసేసి ఉంది. పచ్చగడ్డి కోసినట్టు నేలబారుగా, మొదళ్లు ఎర్రబారి ఉన్నాయి.

అదేంటండి, నీళ్లొచ్చాయి కదా అంది సూర్యకళ.

వచ్చాయండి, మంగళవారం వచ్చాయండి అంది వీరదుర్గ. ఆపైన మామూలుగా, ఎవరిదో సంగతి చెప్తున్నట్టు చెప్పింది. రెండు రోజుల్లో నీళ్లొస్తాయని అమ్మగారు చెప్పి వెళ్లారు కదా. ఆ లెక్కకి సరిగ్గా, మంగళవారానికి ముందరి గురువారం సాయంత్రం మురుగులో నీళ్లు జానెడు పెరిగాయి. మా ఆయన పరుగున వెళ్లి ఇంజను వేశాడు. ఎప్పుడూ వేసేముందు దోసిట్లో తీసి నోట్లో పోసుకుని చూస్తారు, ఉప్పా తీపా అని. ఈ మురుగు మీద బతికేవాళ్లు చిన్నపిల్లలైనా అది మర్చిపోరు. ఆ రోజు చూడలేదు.

“మీరు పంపిన నీళ్లే అనుకున్నామండి. పున్నమి పోటండి అది.”

ఎకరం తడిసేదాకా తెలియలేదట. తెల్లారేసరికి ఆకు చివర్లు మాడాయి. ఆ ఎకరం వాళ్ల తిండిగింజల కోసం ఉంచుకునేది.

సూర్యకళ గట్టు మీద కూర్చుండిపోయింది. తల పైకెత్తలేకపోయింది. మిగతా ఊరి చేలన్నీ నిలిచాయి, నిజమే. కానీ ఈ ఎకరాన్ని పోగొట్టింది ప్రోగ్రాము కాదు, ఎండ కాదు, పైవాళ్లు కాదు. తెలియని వేళ చెప్పిన తన మాట. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి కూడా మొహం చెల్లలేదు. తప్పు నాదేనండి, అప్పుడు తొందరపడి చెప్పకుండా ఉండాల్సింది అంది.

వీరదుర్గ కొడవలి పక్కన పెట్టి, తనూ వచ్చి గట్టు మీద కూర్చుంది.

“మీరు చెప్పినందుకు బాధ కాదండి. ఒక్కటడుగుతాను. వచ్చే దాళ్వాకి ఆ గంటలు ఆపేటట్టుంటే నాట్లకి ముందే చెప్పండమ్మా. చేను వెయ్యం. మధ్యలో ఆపితేనే మాకు కష్టం.”

తప్పకుండా చెప్తానండి అనబోయింది సూర్యకళ. కానీ వంతులు మారితే ప్రోగ్రాము ఎవరెవరికి కాగితం పంపుతుందో ఆమెకి కంఠతా వచ్చు. అధ్యక్షుడికి ఒకటి, నాలుగు పల్లాల పెద్దలకి నాలుగు, లస్కరుకి చీటీ. కొసపాలేనికి ఏమీ పోదు. పోకూడదనే కదా తను అంత తెలివిగా కట్టింది. ఆ ఊరిని లోపల ఎంత భద్రంగా దాచిందంటే, ఇక ఆ ఊరికి ఏదైనా చెప్పాలంటే తలుపే లేదు.

ఈసారి ఆమె మాట ఇవ్వలేదు. బ్యాగులోంచి పుస్తకం తీసి, మీ ఊళ్లో ఫోను ఎవరింట్లో ఉందండి అని అడిగింది.

కిరాణా కొట్టు అచ్చాయమ్మగారింట్లో ఉందండి అంది వీరదుర్గ. నంబరు మాత్రం తనకి రాదు. ఇద్దరూ లేచి, గట్టు వెంట అచ్చాయమ్మ కొట్టు వైపు నడిచారు.